పరీక్షబల్ల యెక్కలేని రోగి

ఆసుపత్రి వాకిట వాలుదారి కట్టించి, వికలాంగులకు చేయవలసినదెల్ల చేసితిమని అధికారులు తృప్తిచెందుట పరిపాటియైనది. వాలుదారి యావశ్యకమే. కాని యది వాకిలి దాటించును గాని వైద్యపరీక్ష చేయింపదు. చక్రాలకుర్చీలో వచ్చిన రోగికి కడపటి యడ్డంకి పరీక్షగదిలోని బల్ల. అది నడుమెత్తున నుండును. కుర్చీపీఠ మంతకంటె చాల క్రిందుగా నుండును. ఈ యెడమును దాటింపలేని వైద్యశాల, తలుపులెంత వెడల్పుగా తెఱచినను, ఆ రోగికి మూసియున్నట్లే యని మా యభిప్రాయము.

బల్ల యెక్కలేనివానిని వైద్యుడు కుర్చీలోనే చూచి మందు వ్రాసి పంపుచున్నాడు. కూర్చున్న మనిషి కడుపును చక్కగా తడిమిచూచుట కష్టము. పిఱుదులయందు పడిన పడకపుండు కంటబడదు. స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్ష తప్పిపోవును. నిలువలేనివానిని తూచువారు లేక, బరువును బట్టి యియ్యవలసిన మందును సైత మందాజున నిచ్చెదరు. కాళ్లు పడిపోయినవానికి వచ్చు జబ్బులెల్ల కాళ్ల జబ్బులే కావు గదా! తొలిదశలో పట్టుబడవలసిన వ్యాధి ముదిరి బయటపడిన, ఆ యపరాధ మెవ్వరిది?

బంధువులున్నారు, వార్డుబాయిలున్నారు, నలుగురు పట్టి యెత్తరాదా యని యడుగువారు కలరు. ఎత్తవచ్చును. చేయిజారిన ఎముక విఱుగును. వెన్నుపాము దెబ్బతిన్నవారికి చర్మమొరసికొనినను తెలియదు; అదియే పుండగును. దినదినము రోగుల నెత్తు నర్సుల నడుములు చెడును. తోడెవ్వరును లేక వచ్చినవాని గతి యేమి? పరపురుషుల చేతులమీద బల్ల యెక్కవలసివచ్చిన స్త్రీ మఱియొకసారి యా గడప త్రొక్కునా?

ఉపాయము లేకపోలేదు. పేషెంటు లిఫ్టను సాధనము చాలకాలముగా నున్నదే. చక్రములుగల పీఠము, దానిపై నిలువు కంబము, కంబమున కొక చేయి, చేతికి తగిలించు గట్టి గుడ్డజోలె — ఇంతియే దాని నిర్మాణము. జోలెను రోగిక్రింద చొప్పించి, నూనెపంపుతోనో బ్యాటరీ మోటారుతోనో మెల్లగా పైకెత్తి, బల్లమీద దింపుదురు. కొన్నిటికి తూనికయు నమర్చియుండును. అయితే యంత్రమును కొని మూల నుంచిన ప్రయోజనము లేదు. దాని కాళ్లు బల్లక్రిందికి దూరవలెను. అడుగున బీరువా కట్టిన బల్లలందుకు పనికిరావు. రోగి శరీరమునకు తగిన కొలతల జోలెలును, శిక్షణపొందిన యిద్దరు మనుష్యులును ఉండవలెను.

ఇది దయాధర్మమున కోరునది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో చలనవైకల్యము గలవారే 54 లక్షలకు పైబడిరి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, 25వ సెక్షనున, ఆసుపత్రులలోని అన్ని భాగములకును ఆటంకములేని ప్రవేశము కల్పింపవలెనని శాసించినది. పరీక్షగది ఆసుపత్రిలోని భాగము కాదా? ప్రవేశసౌకర్య ప్రమాణములు సలహాలుగా మిగులరాదనియు, తప్పక పాటింపవలసిన నియమములు చేయవలెననియు 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రప్రభుత్వము నాదేశించినది. ఆ సంవత్సరమే అమెరికాలోని యాక్సెస్ బోర్డు పరీక్షబల్ల 17 అంగుళముల యెత్తునకు దిగవలెనని ప్రమాణము ఖాయపఱచినది. బల్లవద్ద లిఫ్టును వాడుటకు వీలుండవలెననియు నా ప్రమాణములలో నున్నది. మన నియమములలో నట్టి కొలతలేల యుండరాదు?

తెలుగువారి ప్రభుత్వములు సదరం శిబిరములు పెట్టి, ఎవనికెంత శాతము వైకల్యము గలదో కొలిచి ధ్రువపత్రము లిచ్చినవి. వైకల్యమును కొలిచిన యాసుపత్రియే, ఆ మనిషికి జ్వరమో కడుపునొప్పియో వచ్చిననాడు బల్లమీద పరుండబెట్టి చూడలేకపోవుట వింత గాదా! కావున ఉభయ ప్రభుత్వములను మేము కోరునది స్వల్పము. ప్రతి జిల్లా ఆసుపత్రియందును, ప్రతి బోధనాసుపత్రియందును ఎత్తు మార్చగల బల్ల యొకటియు, లిఫ్టొకటియు తొలుత నుంచవలెను. వానిని నడుపుటకు స్త్రీలతోగూడిన సిబ్బందికి శిక్షణ నియ్యవలెను. ఏ యాసుపత్రిలో నివి కలవో, ఎచ్చట లేవో పట్టిక ప్రకటింపవలెను. వైద్యశాలలకై కోట్లు వెచ్చించు ప్రభుత్వములకీ వ్యయ మొక లెక్కలోనిది కాదు. పట్టిక వెలువడువఱకు శాసనసభ్యులు తమతమ జిల్లాల ఆసుపత్రులకు పోయి, పరీక్షగదిలోని బల్ల యెత్తెంతయో స్వయముగా చూచి, సభలో ప్రశ్నింతురుగాక!