గద్దర్ పేరు తీసుకున్నారు, పాట వదిలేశారు

గద్దర్ నంది అవార్డు వద్దన్నాడు. 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’ సినిమాలో చెల్లెలి మీద రాసిన పాటకు ప్రభుత్వం నంది ప్రకటిస్తే తీసుకోనన్నాడు. ఈ ఒక్క సంగతి గుర్తున్నవాడెవడూ ఆయన పేరును సినిమా అవార్డుకు పెట్టడు. తెలంగాణ ప్రభుత్వం పెట్టింది. నంది స్థానంలో ఇక గద్దర్ అవార్డులని 2024 జనవరి 31న ముఖ్యమంత్రి ప్రకటించారు. 2025 జూన్ 14న హైటెక్స్‌లో పంచిపెట్టారు. 2024కు ఉత్తమ చిత్రం ‘కల్కి 2898 ఏడీ’. ఉత్తమ నటుడు ‘పుష్ప 2’ హీరో. మీరు టీవీల ముందు కూర్చుని చప్పట్లు కొట్టారు.

దేనికి కొట్టారు?

ఆ సినిమాలతో నాకు పేచీ లేదు. కోట్లు పెట్టారు, కోట్లు లాగారు, వాళ్ల వ్యాపారం వాళ్లది. అవార్డులు కావాలంటే ఇచ్చుకోండి. కానీ ఆ పేరు జోలికెందుకు వెళ్లారు? సర్కారు సన్మానాన్ని కాదన్న పేరును, చచ్చాక నోరు లేదు కదా అని లాక్కెళ్లి జ్ఞాపిక మీద చెక్కించడానికి మీకు సిగ్గనిపించలేదా?

తూప్రాన్ దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, అంటే గద్దర్, కెనరా బ్యాంకు ఉద్యోగాన్నే నమ్ముకుని ఉంటే నిశ్చింతగా రిటైరయ్యేవాడు. ఆ ఉద్యోగం వదిలేశాడు. జననాట్యమండలితో ఊళ్లు తిరిగాడు. కారంచేడులో 1985లో దళితుల్ని నరికితే ఆ నెత్తురు మీద పాడాడు. పోలీసులు వెంటపడితే అడవి పట్టాడు. 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చి నిజాం కాలేజీ మైదానంలో గొంతెత్తితే, ఏ పార్టీ లారీలూ పంపకుండానే జనం ఇసకేస్తే రాలనంతగా వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఎవరో ఇంటికొచ్చి కాల్చారు. ఒక తూటాను డాక్టర్లు తీయలేకపోయారు. దాన్ని వెన్నులో మోస్తూనే ఇరవయ్యారేళ్లు గజ్జె కట్టాడు. 2023 ఆగస్టు 6న పోయాడు. తనను కాల్చిందెవరో తేల్చమని అడిగిన మనిషికి జవాబుగా దక్కింది ప్రభుత్వ లాంఛనాల అంత్యక్రియలు.

ఇప్పుడందరికీ కావాల్సింది ఆ శవమే. ఒక కేంద్ర మంత్రి, అతనికి పద్మ ఎలా ఇస్తామని గుడ్లురిమాడు. రాష్ట్ర పాలకులు, ఎందుకివ్వరని రొమ్ము విరుచుకున్నారు. నిన్నటి సహచరుల్లో కొందరు, గుడికి వెళ్లాడు, 2018లో తొలిసారి ఓటేశాడు కనుక మావాడు కాదని తేల్చేశారు. ముగ్గురిలో ఒక్కడైనా పాట గురించి నోరెత్తాడా? ఆయన ఓటు మీద తీర్పు చెప్పే మేధావీ, నువ్వు రాసిన ఒక్క వాక్యమైనా నాట్లేసే మడి దాకా వెళ్లిందా?

పాటగాడంటే ఒట్టి గొంతు అనుకునేవాళ్లకు ఆయన పనితనం ఎప్పటికీ అందదు. నాట్లేసే ఆడవాళ్ల బాణీ, బుర్రకథ వంత, డప్పు దరువు అన్నీ ఆయనకు సరుకే. ఒంటి మీద చొక్కా ఉండదు. భుజాన గొంగడి, చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర, కాళ్లకు గజ్జెలు. చరణం మధ్యలో ఠక్కున ఆగి జనాన్ని ఒక మాట అడిగేవాడు. ఆ జవాబు గాల్లో ఉండగానే అందుకుని మళ్లీ పల్లవిలోకి దూకేవాడు. అలా పాడిన పాట విన్నవాళ్లది కూడా అయిపోయేది. 1979 నాటి ‘మా భూమి’ సినిమాలో ఆయన పాడి ఇంటింటికీ చేర్చిన పాట బండి యాదగిరి కట్టింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టిన పాటను మూడు దశాబ్దాల తర్వాత కొత్త తరం నాలుక మీదికి తెచ్చినవాడు గద్దర్. పాటను మోసుకొచ్చి అప్పగించడమంటే అదీ. అవార్డు ఇవ్వాల్సింది ఆ పనికి.

ఇక సినిమా ఆ పాటగాళ్లను చూసుకున్న తీరు చూడండి. ‘బలగం’ 2023కు ఉత్తమ చిత్రంగా గద్దర్ అవార్డు గెలిచింది. చివర్లో చావింటి ముందు బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడుతుంటే థియేటర్లకు థియేటర్లు ఏడ్చాయి. ఆ మొగిలయ్య కిడ్నీలు పాడై, వైద్యానికి దాతల వైపు చూస్తూ 2024 డిసెంబరులో పోయాడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య ‘భీమ్లా నాయక్’ కోసం పాడితే ఊగిపోయారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి ఆయన తుర్కయాంజాల్‌లో కూలిపని చేస్తూ కనిపించాడు. పద్మశ్రీ అందుకున్న మనిషి తట్ట మోశాడు! ఈ నేల మీద జానపదం బతుకు ఇది. ఆ బతుకును పాడినవాడి పేరు మీద మీరు తారలకు సన్మానాలు చేశారు.

పేరు పెట్టడమే గౌరవం అనే కబుర్లు నాకు చెప్పకండి. గౌరవమైతే ఆ అవార్డు చిందు యక్షగానం ఆడే ముసలాయన గుడిసెకు వెళ్లాలి, ఒగ్గు డోలు పట్టిన పిల్లాడి చేతికి అందాలి, శారదకాండ్ర ఇంట్లో ఆడబిడ్డ చదువుకు పనికిరావాలి. వాళ్లకు నెలనెలా ఆగకుండా పింఛను ఇవ్వాలి. గద్దర్ బయటి ప్రపంచానికి కనబడకుండా పాడిన రోజుల క్యాసెట్లు ఎవరెవరి ఇళ్లలో బూజు పడుతున్నాయో వెతికించి, భద్రం చేసి, ప్రతి బడికీ చేర్చాలి. అల్వాల్‌లో పేదపిల్లల కోసం ఆయన పెట్టిన మహాబోధి బడి ఆవరణలోనే ఆయన్ను పూడ్చారు. అవార్డులు పంచేవాళ్లు ముందు ఆ బడి గడప తొక్కి, ఏం కావాలో అడిగి రావాలి. ఒక్క రాత్రి హైటెక్స్ వెలుగులకు పెట్టే డబ్బు ఇటు మళ్లిస్తే చాలా పని జరుగుతుంది. ఆ పని మీరు చేయరు, ఎందుకంటే అందులో హీరో పక్కన నిలబడి ఫొటో దిగే వీలుండదు.

చదువుతున్న నీకూ ఒక ప్రశ్న. గద్దర్ మావాడని స్టేటస్ పెట్టావు కదా! మీ ఊళ్లో ఇవాళ్టికీ కథ చెప్పే మనిషి పేరేంటి? పోయిన ఏడాది ఆయనకు ఎన్ని రాత్రులు పని దొరికింది? తెలియకపోతే వెళ్లి అడిగి తెలుసుకో. తర్వాతి పండక్కి డీజేకు ఇచ్చే డబ్బు ఆయనకిచ్చి పాడించు. అందాకా ఆ స్టేటస్ తీసెయ్.