ఆ మాత్ర వేరు, ఈ మాత్ర వేరు

కలకడ ప్రాంతం నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మాకు ఇద్దరు పిల్లలు. పోయిన నెలలో ఒకరోజు నిరోధ్ చిరిగిపోయింది. మా వారు మదనపల్లె వెళ్ళి, గర్భం రాకుండా మాత్ర కావాలని ఒక మందుల షాపులో అడిగితే అయిదు మాత్రలున్న అట్ట ఇచ్చారు. భయపడి వేసుకోలేదు. దేవుడి దయ వల్ల బహిష్టు వచ్చింది. ఇకముందు అవసరం పడితే ఆ మాత్రలు వాడవచ్చునా?"

వాడకూడదమ్మా. మీ భయమే మిమ్మల్ని కాపాడింది. మీరు రాసినదాన్ని బట్టి అవి గర్భం రాకుండా ఆపే మాత్రలు కావు, వచ్చిన గర్భాన్ని పోగొట్టేవి. ఆ అట్టలో ఒక మిఫెప్రిస్టోన్, నాలుగు మిసోప్రోస్టాల్ మాత్రలు ఉంటాయి. డాక్టరు పరీక్ష చేయకుండా వాటిని వాడితే విపరీతంగా రక్తస్రావం కావచ్చు. గర్భం ట్యూబులో ఉంటే అవి పనిచేయవు. ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు.

మీకు కావలసింది ఒకే ఒక మాత్ర. దాని పేరు లెవోనార్జెస్ట్రెల్, మోతాదు 1.5 మిల్లీగ్రాములు. అట్ట మీద ఈ పేరు, ఈ అంకె చూసి మరీ తీసుకోండి.

ఎలా పనిచేస్తుంది?

వీర్యకణాలు స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా బతికి ఉండగలవు. ఈ మాత్ర అండం విడుదల కావడాన్ని వాయిదా వేస్తుంది. ఈలోగా వీర్యకణాలు నశిస్తాయి. అండం అప్పటికే విడుదలై ఉంటే మాత్ర వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. అందుకే 72 గంటల గడువు ఉంది కదా అని మూడో రోజు దాకా ఆగకూడదు. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఇది గర్భస్రావం చేసే మందు కాదు. తెలియక గర్భంతో ఉండి వేసుకున్నా బిడ్డకు హాని చేస్తుందని తేలలేదు. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు.

ఎలా వాడాలి?

మాత్రను నీళ్ళతో మింగండి. రెండు గంటలలోపు వాంతి అయితే మరొకటి వేసుకోవాలి. వికారం, తలనొప్పి, మధ్యలో కాస్త రక్తం కనిపించడం మామూలే. బహిష్టు కొన్ని రోజులు ముందో వెనుకో కావచ్చు. వారం దాటినా రాకపోతే మూత్ర పరీక్ష చేయించుకోండి. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడేవారిలో ఈ మాత్ర శక్తి తగ్గుతుంది. బాగా లావుగా ఉన్నవారిలో కూడా తగ్గవచ్చు. ఇటువంటివారు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. అయిదు రోజులలోపు కాపర్-టి వేయించుకుంటే మాత్ర కంటే గట్టి రక్షణ. తర్వాత కూడా ఏళ్ళ తరబడి పనికివస్తుంది.

ఎక్కడ దొరుకుతుంది?

డాక్టరు చీటీ లేకుండానే ఈ మాత్ర అమ్మడానికి ప్రభుత్వం 2005లో అనుమతించింది. ప్రభుత్వం సరఫరా చేసే మాత్ర పేరు ఈజీ పిల్. దానికోసం పట్నం దాకా పరుగెత్తే ముందు మీ ఊరి ఆశా కార్యకర్తనూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అడగండి. అత్తగారికి తెలుస్తుందేమో, షాపువాడు ఏమనుకుంటాడో అని సిగ్గుపడుతూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. బలాత్కారానికి గురైన స్త్రీకి ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని చట్టమే చెబుతోంది.

నెలనెలా వాడవచ్చునా?

ఇది ఆపద్ధర్మం మాత్రమే. ఒకసారి వేసుకున్న మాత్ర ఆ తర్వాతి కలయికలకు రక్షణ ఇవ్వదు. బహిష్టు వచ్చేదాకా నిరోధ్ తప్పనిసరి. సుఖవ్యాధులను ఇది ఆపలేదు. మాటిమాటికీ దీని అవసరం పడుతోందంటే మీకు స్థిరమైన పద్ధతి కావాలన్నమాట. ఛాయ మాత్రలు, రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు, మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షను, కాపర్-టి — ఇవన్నీ ప్రభుత్వ కుటుంబ సంక్షేమ పథకంలో ఉచితం. ఏది మీకు సరిపడుతుందో దంపతులిద్దరూ కలిసి వచ్చి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

ఇక మీ ఇంట్లో ఉన్న ఆ అయిదు మాత్రల అట్టను దాచి ఉంచవద్దు. రేపు ఇరుగుపొరుగు ఎవరైనా అడిగినా ఇవ్వవద్దు. దాన్ని ఆరోగ్య కేంద్రంలో అప్పగించండి.