పొట్టలో తెగిన పోగు

పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చిన మనిషి కంచం ముందు కూర్చుంటాడు. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటాడు. పొట్టలో మంట. తిన్నది గొంతులోకి తన్నుకొస్తుంది. నెలల తరబడి ఇదే వరస. గ్యాస్ గోళీలు మింగాడు, సోడా తాగాడు, మనిషి సగమయ్యాడు. చివరికి ఊరి నుంచి ఫోన్‌లో పెద్దవాళ్ళ మాట వస్తుంది: "ఎవరో మందు పెట్టిన్రు బిడ్డా. వచ్చి కక్కించుకొని పో."

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు మన పద్మశాలీల కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి సాంచాల (మరమగ్గాల) మీద పనికి బతకపోయినవాళ్ళు. నగరపాలక సంస్థే తెలుగు మీడియం బడులు నడిపేంతగా అక్కడ వేళ్ళూనుకున్నారు. ఊరు విడిచారు గాని పెట్టుడు మందు భయం చాలామందిని విడవలేదు.

ఆ నమ్మకం మనందరికీ తెలిసిందే. గిట్టనివాళ్ళు అన్నంలోనో, చాయ్‌లోనో ఏదో కలిపి పెడతారట. అది పేగుల్లో, పొట్టలో అతుక్కుని ఏళ్ళ తరబడి మనిషిని లోపలి నుంచి తింటుందట. కక్కించేవాడు పరగడుపున పసరు తాగిస్తాడు. రోగి వాంతి చేసుకుంటాడు. అందులోంచి నల్లటి ముద్దో, వెంట్రుకల ఉండో తీసి చూపిస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు జోడిస్తారు.

ఆ ముద్ద పొట్టలో అన్నేళ్ళు ఎలా ఉంటుంది? జీర్ణాశయం మూతి బిగించిన సంచి కాదు. తిన్న భోజనాన్ని కొన్ని గంటల్లోనే పేగుల్లోకి దించేస్తుంది. లోపల ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆ ఆమ్లం తన గోడనే కొరికెయ్యకుండా పైపొర కణాలు జిగురును స్రవిస్తూ ఉంటాయి. ఆ కణాలు కూడా కొద్ది రోజులకే రాలిపోయి వాటి చోట కొత్తవి వస్తాయి. వారానికోసారి కొత్తబడే గోడకు మూడేళ్ళ కిందటి మందు అతుక్కుని ఉండే వీలే లేదు. వెంట్రుకలు తినే అలవాటున్న కొందరిలో పొట్టలో నిజంగానే ఉండ కడుతుంది. అది ఎండోస్కోపీలో కంటికి కనిపిస్తుంది. దాన్ని తియ్యాల్సింది డాక్టరు, పసరు కాదు.

మరి కక్కించుకున్నాక తగ్గిందని చెప్పేవాళ్ళు అబద్ధాలాడుతున్నారా? లేదు. వాళ్ళు చెప్పేది వాళ్ళ అనుభవమే. కాని పొట్టలో పుండు నొప్పి సహజంగానే కొన్నాళ్ళు తగ్గి, మళ్ళీ తిరగబెడుతుంది. పైగా కక్కించేవాడు పత్యం చెబుతాడు: కారం వద్దు, కల్లు వద్దు, సారా వద్దు, తంబాకు వద్దు. నెల రోజులు సారా, తంబాకు మానేస్తే మంట తగ్గదా? పని చేసింది పత్యం, పేరు కొట్టేసింది ముద్ద. కాకి వాలగానే తాటిపండు రాలిందని కాకిని మొక్కినట్టే ఇది. ఇందులో ప్రమాదమూ ఉంది. బలవంతపు వాంతులతో అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట లోపలి పొర చిరిగి రక్తం కక్కుకోవచ్చు. 1929లోనే మాలరీ, వీస్ అనే ఇద్దరు వైద్యులు ఈ చిరుగును వివరించారు.

అసలు కారణం వెతికే దారిలో వైద్యశాస్త్రం కూడా చాలాకాలం తప్పు నడిచింది. దిగులు వల్లా, ఆమ్లం ఎక్కువవడం వల్లా పుండ్లు పడతాయని డాక్టర్లే నమ్మారు. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు, వాచిన జీర్ణాశయపు ముక్కల్లో మెలికలు తిరిగిన బ్యాక్టీరియాను సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని తోటివాళ్ళు కొట్టిపారేశారు. 1984లో బ్యారీ మార్షల్ ఆ క్రిములను తానే తాగి, జబ్బు తెచ్చుకుని, తన పొట్ట ముక్కలోనే రుజువు చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ క్రిమే హెలికోబాక్టర్ పైలోరీ. సాధారణంగా చిన్నతనంలోనే ఇరుకిళ్ళలో, మురికి నీళ్ళ వల్ల, ఒకరి నోటి నుంచి ఒకరికి అంటుతుంది. రెండు వారాల మందులతో చాలామందిలో పోతుంది. పొట్టలోకి నిజంగా ఏదైనా చేరి ఏళ్ళ తరబడి తిష్ఠ వేస్తుందంటే చాలావరకు అది ఈ క్రిమే. దాన్ని ఏ తోడికోడలూ పెట్టలేదు.

సూరత్‌కు ఈ పాఠం కొత్త కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఈ నగరం విడిచి పారిపోయారు. ఆ రోజుల్లో జనం చేతుల్లోకి చేరిన మందు టెట్రాసైక్లిన్. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు వీధుల చెత్త ఎత్తించి, మురుగు బాగు చేయించి ఊరి పేరు నిలబెట్టాడు. పొట్టలోని క్రిమిని చంపడానికి ఇచ్చే మందుల్లోనూ అదే టెట్రాసైక్లిన్ ఒకటి. ప్లేగుకు మందు మింగిన మనం పొట్టపుండుకు పసరు తాగడం ఎందుకు?

అన్నవాహిక సంగతి వేరు. దాదాపు పాతిక సెంటీమీటర్ల ఈ గొట్టం లోపలి పొర బుగ్గ లోపలి చర్మంలా పొరల మీద పొరలుగా ఉంటుంది. ముద్ద రాపిడిని తట్టుకుంటుంది గాని ఆమ్లాన్ని తట్టుకోలేదు. ఏళ్ళ తరబడి ఆమ్లం పైకి ఎగజిమ్మితే కొందరిలో ఆ కణాలు తమ రూపం మార్చుకుని పేగు కణాల్లా తయారవుతాయి. అక్కడి నుంచి క్యాన్సర్‌కు దారి పడవచ్చు. పొగాకు, వక్క, సారా ఈ పొరను నేరుగా కాలుస్తాయి. 2012లో గుజరాత్ గుట్కాను నిషేధించింది. కాని వక్క, తంబాకు, సున్నం కలిపి నలిపే మావా ఇంకా దవడల్లో నానుతూనే ఉంది. నిద్ర ఆపుకోవడానికి నైట్ షిఫ్టులో వేసుకునే ఆ చిటికెడే అసలైన పెట్టుడు మందు. మన చేత్తో మనమే పెట్టుకుంటున్నాం.

ఇక రెండో భయం: "ముక్క తీస్తే పాకుతది." బయాప్సీ వద్దని ఎందరో ఆసుపత్రి గుమ్మం నుంచే వెనక్కి వస్తారు. ఎండోస్కోపీలో తీసేది రెండు మూడు మిల్లీమీటర్ల పలుకు. దానివల్ల జబ్బు పాకదు. ముద్ద దిగనంత వరకూ ఆగి వచ్చినవాళ్ళలో అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది. చావుకు కారణం ఆలస్యం. నింద మాత్రం ముక్క తీసిన చేతి మీద పడుతుంది.

మందు పెట్టారన్న మాట రోగి దగ్గరే ఆగిపోదు. వేలు ఎవరి వైపో చూపుతుంది. ఎక్కువసార్లు కోడలి వైపు, ఒంటరి ఆడమనిషి వైపు. ఆ అనుమానం ఇళ్ళు కూల్చింది, ప్రాణాలు తీసింది. 2024 ఆగస్టులో గుజరాత్ శాసనసభ చేతబడి, అమానుష ఆచారాలను అరికట్టే చట్టం ఆమోదించింది. చట్టం కక్కించేవాణ్ణి ఆపగలదేమో. అనుమానాన్ని ఆపాల్సింది మనం.

నేత పనివాళ్ళకు ఇది నేను నేర్పాల్సిన సంగతి కాదు. కణజాలాన్ని ఇంగ్లీషువాళ్ళు టిష్యూ అంటారు. ఆ మాటకు ఫ్రెంచిలో మూలం నేసిన బట్టే. పాథాలజిస్టు పొట్ట ముక్కను పలుచగా కోసి, హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగుల్లో ముంచుతాడు. రెండూ ఒకప్పుడు బట్టల అద్దకంలో వాడిన రంగులే. ఊదా, గులాబీ రంగుల్లో తేలే ఆ నేతలో ఏ పోగు సరిగ్గా ఉందో, ఏది తెగిందో, ఏది అడ్డదిడ్డంగా పెరిగిందో చూస్తాడు. ఆ గాజు పలకను పదేళ్ళ తర్వాతైనా మరో డాక్టరు చూసి, మొదటివాడు చెప్పింది తప్పయితే తప్పని తేల్చవచ్చు. కక్కించేవాడు తన ముద్దను ఎవరి చేతికీ ఇవ్వడు. దాన్ని ఒక సీసాలో వేసి ఇమ్మని అడగండి. పరీక్షకు పంపుతామని చెప్పండి.

సాంచ మీద పోగు తెగితే నేతగాడు ఎవరి కన్ను తగిలిందోనని పక్కింటి వైపు చూడడు. సాంచ ఆపుతాడు, వెలుతురు పెట్టుకుని కొస వెతికి ముడి వేస్తాడు. మింగుడు పడకపోయినా, విరేచనం నల్లగా అయినా, ఒళ్ళు చిక్కిపోతున్నా చెయ్యాల్సింది అదే. సూరత్‌లో న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది, నగరపాలక సంస్థ నడిపే స్మిమెర్ ఆసుపత్రి ఉంది. ఒక రోజు కూలి పోతుంది, నిజమే. ఆ ఒక్క రోజు సాంచ ఆపి వెళ్ళండి. లోపల తెగిన పోగు ఎక్కడుందో చూడనివ్వండి.