మనస్సుకు కొలబద్ద ఎవరిది?

ఆదివాసికి యంత్రమంటే భయమనీ, ఆ భయం అతని మనస్సులోనే ఉన్నదనీ, 'అవగాహన సదస్సులు' పెట్టి దాన్ని పోగొట్టాలనీ ఈ మధ్య కరీంనగర్‌లో ఒక సభలో ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సెలవిచ్చాడు. మన ఉపాధ్యాయ మిత్రులు తలలూపారు. నా పేచీ ఆ తలలూపడంతోనే.

ఏ మనిషిని చూసి ఈ శాస్త్రం 'మానవ మనస్సు' అంటున్నది? పేరుమోసిన మనస్తత్వ పత్రికల పరిశోధనల్లో పాల్గొన్నవారిలో 96 శాతం, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాలవారని 2010లో హెన్రిక్, ఆయన సహచరులు ఎత్తి చూపారు. అందులోనూ కళాశాల విద్యార్థులే మెండు. అమెరికా కుర్రవాడికి కుట్టిన చొక్కా జోడేఘాట్ ముసలివాడికి పట్టకపోతే, తప్పు ముసలివాడి ఒంటిదట!

మనవాళ్లూ ఈ పొరపాటుకు అతీతులు కారు. 1931-32లో సోవియట్ మనస్తత్వవేత్త లూరియా ఉజ్బెకిస్తాన్ రైతులను అడిగాడు: మంచు ఉండే ఉత్తరాదిన ఎలుగుబంట్లన్నీ తెల్లనివి, నొవాయా జెమ్లియా ఉత్తరాదిన ఉన్నది, అక్కడి ఎలుగుబంటి రంగేమిటి? చూడనిదాన్ని గురించి మేమెట్లా చెబుతామన్న తరహాలో జవాబులు వచ్చాయి. లూరియాకు అందులో బడి ఎరుగని బుద్ధికి ఉన్న హద్దు కనిపించింది. నాకైతే సాక్ష్యం విలువ తెలిసిన మనిషి కనిపిస్తున్నాడు. మనస్సును చరిత్రే తీర్చిదిద్దుతుందని వైగోత్‌స్కీతో పాటు చెప్పినవాడు లూరియా. ఆ రుణం కాదనను. కాని లైబీరియాలో బడి లేకుండానే సొంత లిపి నేర్చుకునే వాయి ప్రజలను పరిశీలించి స్క్రిబ్నర్, కోల్ 1981లో ప్రచురించిన గ్రంథం చూడండి. అక్షరం వచ్చినంత మాత్రాన ఆ పరీక్షల్లో నెగ్గడం లేదు. నెగ్గించేది బడి అలవాటు. కొలిచింది బుద్ధిని కాదన్న మాట, బడిని.

ఆ బడిని మనం గోండు పిల్లలకు ఏ భాషలో ఇచ్చాము? 1943లో మార్లవాయిలో హైమెండార్ఫ్ గోండీలో చదువు మొదలుపెట్టించాడు. 1940లో కొమురం భీమును బలిగొన్న సర్కారుకు అందులో తన అవసరం తనకుండవచ్చు. అయినా పిల్లవానికి తల్లిభాషలో పాఠం దొరికింది. తరువాత వచ్చిన మన ప్రభుత్వాలు దాన్ని నిలబెట్టలేదు. గుంజాల గ్రామంలో పెద్దలు దాచుకున్న లిపి 2018లో యూనికోడ్‌కెక్కింది. గోండీ మాత్రం ఇప్పటికీ ఎనిమిదవ షెడ్యూలు గడప బయటే ఉన్నది.

కొన్నేళ్ల కిందట ఉట్నూరు వైపు ఒక రేషన్ దుకాణం ముందు నిలబడి చూశాను. ఒక గోండు అవ్వ మూడుసార్లు వేలు పెట్టింది. పొలం పనిలో అరిగిన వేలు, యంత్రం గుర్తుపట్టలేదు. తెరమీద ఏవో అక్షరాలు వెలిగాయి, ఆమెవి కాని అక్షరాలు. "భయపడుతున్నది" అన్నాడు వరుసలో ఒకాయన. ఆమె ఏమన్నదో వెంట వచ్చిన మనుమణ్ణి అడిగాను. "ఈ వేలు నాది కాకపోతే ఎవరిదో దాన్నే చెప్పమంటున్నది సార్" అన్నాడు.

బియ్యం ఆ రోజు ఇవ్వలేదు.