తెర కంటే ముందు బ్రేకు మారాలి



హోండా యాక్టివా 2001లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటికి హీరోతో కలిసి మోటార్‌సైకిళ్లు అమ్ముతున్న హోండా, హర్యానాలోని మానేసర్‌లో సొంతంగా ఫ్యాక్టరీ పెట్టుకుని ముందుగా తయారు చేసింది ఈ స్కూటర్‌నే. 102 సీసీ ఇంజను, బటన్ స్టార్టు, రేకు బాడీ. గేర్లు లేవు, క్లచ్ లేదు. గేరు మార్చే పని తప్పడంతో కాలేజీకి వెళ్లే అమ్మాయి, ఆఫీసుకు వెళ్లే తల్లి, మోకాళ్లు నొప్పెట్టే తాతగారు ఒకే బండి వాడుకోగలిగారు. తెలుగు ఊళ్లలో ఇంటిల్లిపాదికీ ఒక్కటే బండి అయిన చోట అది చాలావరకు ఇలాంటి స్కూటరే.

ఆ తర్వాత మార్పులు అంచెలంచెలుగా వచ్చాయి. 2009లో ఇంజను 109 సీసీకి పెరిగింది, కాంబీ బ్రేకు చేరింది. 2013లో ఇంజను లోపలి రాపిడి తగ్గించి మైలేజీ పెంచారు. 2017లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాల ఇంజను, 2018లో ఎల్ఈడీ హెడ్‌లైటు వచ్చాయి. అసలైన పెద్ద మార్పు 2020 జనవరిలో వచ్చిన యాక్టివా 6జీ. కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, ఇంజను బీఎస్-6 ప్రమాణాలకు చేరింది. స్టార్టు చేస్తే గరగరమనే మోత తగ్గింది. ముందు వైపు టెలిస్కోపిక్ ఫోర్కులు అమర్చి, చక్రాన్ని 10 అంగుళాల నుంచి 12కు పెంచారు. పెట్రోల్ మూత బయటికి రావడంతో బంకులో బండి దిగి, సామాను తీసి, సీటు ఎత్తే తంటా తప్పింది. చిన్న సంగతిలా కనిపించినా, రోజూ బండి నడిపేవారి కష్టం తెలిసి చేసిన మార్పు అది. 109.51 సీసీ ఇంజను, 7.79 పీఎస్ శక్తి, 5.3 లీటర్ల ట్యాంకు, 107 కిలోల బరువు. ఇవీ 6జీ కొలతలు. 2023లో జేబులోంచి తీయకుండానే పనిచేసే స్మార్ట్ కీ, 2025 జనవరిలో ఫోనుతో కలిసే రంగుల తెర కూడా పైరకం బండ్లలో వచ్చాయి.

ఇంత మారిన బండికి ముందు చక్రంలో ఉన్నది ఇప్పటికీ 130 మిల్లీమీటర్ల డ్రమ్ బ్రేకు. తెర పెట్టిన బండికీ అదే. అభ్యంతరం ఇక్కడే.

బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రానిదే. ఇద్దరు కూర్చుంటే 107 కిలోల బండి మీద మొత్తం బరువు 240 కిలోల దాకా వెళ్తుంది. వేగం 40 నుంచి 60కి పెరిగితే బ్రేకు తట్టుకోవాల్సిన శక్తి రెండింతలకు పైనే పెరుగుతుంది. ఈ బండి 80 దాకా కూడా లాగుతుంది. డ్రమ్ములో లైనర్లు మూసిన డబ్బాలో రాసుకుంటాయి కాబట్టి వేడి త్వరగా బయటికి పోదు. లివరుకూ బ్రేకుకూ మధ్య ఉన్నది తీగ. అది సాగుతుంది, లైనరు అరుగుతుంది, లివరు హ్యాండిల్‌కు దగ్గరవుతూ వస్తుంది. మెకానిక్ చక్రం పక్కన కూర్చుని నట్టు రెండు చుట్లు తిప్పేదాకా చాలామంది అలాగే నడుపుతారు. డిస్కు బయటి గాలికి చల్లారుతుంది, ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. ప్యాడ్లు అరిగినా పిస్టన్ దానంతట అదే ముందుకు జరిగి ఆ ఖాళీని పూడుస్తుంది.

కాంబీ బ్రేకు మేలును తక్కువ చేయనక్కర్లేదు. ఎడమ లివరు నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడుతుంది. వెనక బ్రేకు ఒక్కటే వాడే అలవాటున్న వారికి అది నిజమైన రక్షణ. కానీ అది చేసేది బలాన్ని రెండు చక్రాలకూ పంచడమే, ముందు బ్రేకు సత్తాను పెంచలేదు. 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన కూడా 125 సీసీ వరకు బండ్లకు కాంబీ బ్రేకు గానీ ఏబీఎస్ గానీ ఉంటే చాలంటుంది. డిస్కు ఊసెత్తదు.

డ్రమ్ము చవక, ఏ ఊరి మెకానికైనా బాగుచేస్తాడు, దుమ్ము లోపలికి పోదు అనే మాటల్లో నిజం ఉంది. ఇసుక మీద ముందు డిస్కు గట్టిగా నొక్కితే చక్రం పట్టేసి జారుతుందన్న భయమూ ఉంది. దానికి జవాబు హోండా దగ్గరే ఉంది. యాక్టివా 125 పైరకాల్లో 190 మిల్లీమీటర్ల ముందు డిస్కు, కాంబీ బ్రేకు కలిసే పనిచేస్తున్నాయి. టీవీఎస్ జూపిటర్ 110లోనూ డిస్కు రకం దొరుకుతోంది. ఖర్చు మాటకొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ధర పెరిగితే కొనేవారు వెనకాడతారన్న వాదనకు మునుపటి బలం లేదు.

110 సీసీ స్కూటర్లన్నిటికీ కాంబీ బ్రేకుతో పాటు ముందు డిస్కును కేంద్ర రవాణా శాఖ తప్పనిసరి చేయాలి. అందాకా ఆగకుండా హోండా తన 110లో ఒక డిస్కు రకాన్ని, అదీ తక్కువ ధర మెట్టులోనే, అమ్మకానికి పెట్టాలి. గుంతల రోడ్డు మీద తడబడే వెనక 10 అంగుళాల చక్రాన్ని కూడా అప్పుడే 12కు మార్చడం మంచిది. జూపిటర్ 2013లో వచ్చిందే రెండు 12 అంగుళాల చక్రాలతో.

— ఒక పాఠకుడు, ఖమ్మం