కూర్చోవడం ఎవరి హక్కు?

ఆఫీసులకూ షోరూములకూ లోపలి అలంకరణ చేసిపెట్టే వ్యాపారం హైదరాబాద్ దాటి జిల్లా పట్టణాల దాకా వచ్చేసింది. వికారాబాద్‌లోనైనా తాండూరులోనైనా ఇవాళ బట్టల కొట్టు, నగల కొట్టు, ప్రైవేటు ఆసుపత్రి, ఫైనాన్సు ఆఫీసు ఏది తెరిచినా అద్దాల గోడలు, ఫాల్స్ సీలింగు, కనబడకుండా దాచిన లైట్లు ఉండాల్సిందే. ఇదంతా డబ్బున్న వాళ్ళ సోకు, మనకెందుకు అని అనేవాళ్ళు మన సంఘాల్లోనే చాలామంది ఉన్నారు. భూమి, కూలి, హింస లాంటి సమస్యల మధ్య కుర్చీల గురించి మాట్లాడ్డమేమిటని వాళ్ళ ప్రశ్న. కానీ ఒక గదిలో ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరు కంటికి కనబడకూడదు అన్నది ముందే తేల్చి, దాన్ని చెక్కతో ఇనుముతో బిగించేసే పనిని రాజకీయం కాక ఇంకేమంటాం?

ఇప్పుడు ఆఫీసు ఫర్నిచర్‌లో పెద్ద మోజు నిలబడి పనిచేసే బల్ల. మీట నొక్కితే లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. రోజంతా కూర్చుంటే ఆరోగ్యం పాడవుతుందని, మధ్యమధ్య లేచి నిలబడి పని చేసుకోవాలని దీన్ని అమ్ముతున్నారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1964లో అమెరికాలో హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం రాబర్ట్ ప్రాప్స్ట్ రూపొందించిన 'యాక్షన్ ఆఫీస్'లోనే నిలబడి రాసుకునే బల్ల ఉంది. 1968లో దాన్ని మార్చి చౌక చేశాక అదే గుమాస్తాలను గళ్ళలో కుదించే క్యూబికల్‌గా మారిపోయింది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు పనిచేసే వాళ్ళ నడుం నొప్పిని నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళలో స్త్రీలూ ఉన్నారు. కానీ నిలబడే స్వేచ్ఛ అమ్ముడవుతున్న ఈ కాలంలోనే, కోట్‌పల్లి లాంటి ఊళ్ళ నుంచి పొద్దున్నే బస్సెక్కి వికారాబాద్‌కో తాండూరుకో వెళ్ళి కౌంటరు వెనక నిలబడే ఆడపిల్లకు కూర్చునే స్వేచ్ఛ లేదు. కొనేవాళ్ళు లేని మధ్యాహ్నం వేళ కూడా లేదు. కూర్చుంటే షాపు 'డల్‌గా' కనిపిస్తుందట!

పాత బట్టల కొట్టును గుర్తు చేసుకోండి. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద అమ్మేవాడూ కూర్చునేవాడు, కొనేవాళ్ళూ కూర్చునేవారు. తానులు వాళ్ళ మధ్య విప్పేవారు. అక్కడ అమ్మేది మగవాడు. ఆ తర్వాత కౌంటర్లు వచ్చాయి, అద్దాలొచ్చాయి, తక్కువ జీతానికి పనిచేసే ఆడపిల్లలు యూనిఫాం చీరల్లో వచ్చారు. సరిగ్గా అప్పుడే అమ్మేవాళ్ళ కింద నుంచి ఆసనం మాయమైంది. ఇది యాదృచ్ఛికం అనుకోలేం. పని స్త్రీలదయ్యేసరికి అందులోని విశ్రాంతి భాగాన్ని తీసేయడం పితృస్వామ్యానికి కొత్త కాదు. ఇంట్లో అందరూ తిన్నాక తినే స్త్రీ, షాపులో అందరూ కూర్చున్నాక కూడా కూర్చోదు. ఇంటీరియర్ డిజైనర్ గీసే బొమ్మలో కొనేవాళ్ళకు సోఫా, యజమానికి వెనక్కి వాలే కుర్చీ, గణపతి విగ్రహానికి మూల ఉంటాయి. ఆమెకు ఒక్క స్టూలు ఉండదు. కాళ్ళ వాపులు, ఉబ్బిన నరాలు, నెలసరి రోజుల్లో పడే యాతన ఆ బొమ్మలో కనబడవు.

'శాస్త్రీయం'గా తయారైన ఫర్నిచర్ సంగతి కూడా చూద్దాం. ఎవరి శరీరం కొలత? చండీగఢ్ నగరాన్ని రూపొందించిన లె కార్బూజియే తన 'మాడ్యులర్' కొలతల పద్ధతికి 1.83 మీటర్ల ఎత్తున్న మగవాడిని ఆధారం చేసుకున్నాడు. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు దాదాపు 1.52 మీటర్లు. ఆఫీసు కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకానక ఊగే అనుభవం మనలో ఎంతమందికి లేదు? ఏసీ చల్లదనానిదీ అదే కథ. 1960లలో కట్టిన లెక్కల్లో ప్రమాణం 40 ఏళ్ళ, 70 కిలోల పురుషుడని, అది స్త్రీల శరీరాలకు సరిపోదని 2015లో ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు ఎత్తిచూపారు. చున్నీ కప్పుకుని పనిచేసే అమ్మాయిని 'నాజూకు' అని ఎగతాళి చేసే మేనేజరుకు ఈ లెక్క చెప్పాలి.

కూర్చునే హక్కు ఎక్కడా ఎవరూ దయతో ఇవ్వలేదు. కేరళలో కోళిక్కోడ్ మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే స్త్రీలకు మరుగుదొడ్డి కూడా ఉండేది కాదు. నీళ్ళు తాగడం తగ్గించుకోమనేవారు. దర్జీ పని చేసే విజి చొరవతో 'పెణ్‌కూట్టు' అనే సంఘం ఏర్పడింది. మరుగుదొడ్లతో మొదలైన పోరాటం 'ఇరిక్కల్ సమరం', అంటే కూర్చునే పోరాటం దాకా వచ్చింది. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే ఏర్పాటును తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. పెద్ద కార్మిక సంఘాలు దీన్ని చిన్న డిమాండుగా చూస్తున్న రోజుల్లో, సంఘటితం కాలేరని అందరూ తేల్చేసిన స్త్రీలు ఇది సాధించారు.

'మనకూ చట్టం ఉంది కదా' అంటారు. ఉంది. నిలబడి పనిచేసే వాళ్ళకు కూర్చునే వసతి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు, కానీ అది ఫ్యాక్టరీలకే. 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులోనూ ఆ మాట ఉంది. అయితే ఆ కోడ్ సాధారణంగా 10 మందీ అంతకు మించీ పనిచేసే చోట్లకే వర్తిస్తుంది. తాండూరు బజారులో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలతో నడిచే కొట్టును అది తాకదు. మన అమ్మాయిల్లో చాలామంది పనిచేసేది అలాంటి కొట్లలోనే.

ప్రభుత్వ ఆఫీసులు మాత్రం ఏం తక్కువ? అధికారి కుర్చీ వీపున తెల్ల తువ్వాలు, ఎదుట అర్జీ పట్టుకుని నిలబడ్డ వితంతువు. 2022లో వికారాబాద్‌కు కొత్త కలెక్టరేట్ భవనం వచ్చింది. భవనాలు మారినంత తేలిగ్గా ఈ దృశ్యం మారదు. తమిళనాడులో కడలూరు జిల్లా తెర్కు తిట్టై పంచాయతీకి ఎన్నికైన దళిత అధ్యక్షురాలిని సమావేశాల్లో నేల మీద కూర్చోబెట్టిన ఫొటో 2020లో బయటికొచ్చింది. ఆ గదిలో కుర్చీలకేం కొరత లేదు, మిగతావాళ్ళంతా కుర్చీల్లోనే ఉన్నారు. మన దగ్గర సర్పంచ్ కుర్చీలో భర్త కూర్చుని, సంతకం పెట్టాల్సిన సర్పంచ్ గుమ్మం దగ్గర నిలబడటం ఎవరికి తెలియదు? కుర్చీ స్త్రీకి ఎందుకు దక్కదన్న ప్రశ్నలో కులం కూడా ఉంది. దాన్ని వదిలేసి 'మహిళలందరి' గురించి మాట్లాడితే హౌస్‌కీపింగ్ అమ్మ కనబడకుండా పోతుంది. ఆమె తుడిచే నేల తాండూరు బండదే కావచ్చు. ఆ బండను తవ్విన వాళ్ళకూ, కోసిన వాళ్ళకూ, తుడిచే ఆమెకూ ఆ ఆఫీసులో ఒక కుర్చీ లేదు. ఆమె అన్నం తినేది మెట్ల కింద, చీపుర్లు పెట్టే చోట. కోట్లు పోసి కట్టిన ఆఫీసు నమూనాలో బీన్ బ్యాగులకు చోటు దొరికింది!

కాబట్టి మన డిమాండు స్పష్టంగా ఉండాలి. తెలంగాణ దుకాణాల చట్టంలో, ఎంతమంది పనిచేస్తున్నారన్న పరిమితి లేకుండా, కూర్చునే హక్కును రాయాలి. కూర్చున్నందుకు జీతం కోసినా, పనిలోంచి తీసేసినా శిక్ష ఉండాలి. కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా వచ్చిన స్త్రీల విషయంలో ప్రధాన యజమానే బాధ్యుడు కావాలి. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. కోట్‌పల్లి, ధారూర్, పెద్దేముల్ మండలాల్లో పనిచేసే మన కార్యకర్తలు, ఆ ఊళ్ళ నుంచి పట్నాల కొట్లకు వెళ్ళే అమ్మాయిలతో వారపు సెలవు రోజున కలిసి మాట్లాడవచ్చు. ఎన్ని గంటలు నిలబడుతున్నారు, స్టూలు ఉందా, మరుగుదొడ్డి ఉందా, దానికి తాళం ఎవరి దగ్గరుంటుంది – ఈ నాలుగూ కొట్టు కొట్టుకూ రాసుకోవాలి. పేర్లు బయటపెట్టొద్దు, వాళ్ళ ఉద్యోగాలు పోతాయి. ఆ లెక్కలు తీసుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్ళేటప్పుడు మాత్రం గుంపుగా వెళ్దాం.