ఆ పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేశాను



పోయిన టర్మ్‌లో ఏడో తరగతి అబ్బాయి ఒకడి దగ్గర పెన్‌డ్రైవ్ లాక్కున్నాను. కంప్యూటర్ ల్యాబ్ బయట అది చేతులు మారుతోంది. ఏంటని అడిగితే, "లిబ్రే ఆఫీస్ మేడమ్, వీళ్లింట్లో లేదంట, ప్రాజెక్ట్ కోసం ఇస్తున్నా" అన్నాడు. సాఫ్ట్‌వేర్ కాపీ చేసి పంచడం దొంగతనమని అందరి ముందూ కోప్పడ్డాను. డైరీలో కూడా రాసి పంపాను.

మర్నాడు వాళ్లమ్మగారు వచ్చారు. గొడవేం పెట్టుకోలేదు. "పంచుకోవచ్చని తయారు చేసినవాళ్లే రాశారండీ, ఒక్కసారి చూడండి మేడమ్" అని మాత్రం అన్నారు. ఇంటికెళ్లి లైసెన్స్ చదివాను. ఆవిడ చెప్పిందే నిజం. అదే క్లాసులో, అందరి ముందే ఆ అబ్బాయికి సారీ చెప్పి పెన్‌డ్రైవ్ ఇచ్చేశాను. పాఠం ఎలా చెప్పాలో బీఈడీలో నేర్పారు గానీ, తప్పు చెప్పేశాక ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు!

ఈ సంగతి తెలిశాక పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే ఇలా రాస్తున్నాను.

అసలు తిప్పలు 'ఫ్రీ' అన్న మాటతోనే. ఇంగ్లిష్‌లో డబ్బు తీసుకోకపోయినా ఫ్రీయే, స్వేచ్ఛ ఉన్నా ఫ్రీయే. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు అడిగింది రెండోది. ప్రోగ్రామ్‌ని ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఎలా పనిచేస్తుందో చూడటం, మార్చుకోవడం, కాపీలు పంచుకోవడం. ఈ నాలుగూ ఉంటేనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. మనందరి ఫోన్లలో ఉన్న వాట్సాప్ ఉచితమే, కానీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. సినిమాలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ రెండూనూ. అది పారిస్ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది.

కాబట్టి పక్కింటివాళ్లకు కాపీ చేసి ఇవ్వొచ్చా అంటే, లిబ్రే ఆఫీస్ అయితే నిక్షేపంగా ఇవ్వొచ్చు. మార్చి మన పేరు పెట్టేసుకోవచ్చా? మార్చుకోవచ్చు గానీ, మొదట రాసినవాళ్ల పేర్లు చెరిపేయకూడదు. పిల్లలు ప్రాజెక్టులో ఏ పుస్తకం నుంచి తీసుకున్నారో రాయాలని మేము పట్టుబట్టేది కూడా ఇందుకే.

ఇక 'క్రాక్' సంగతి. కొత్త సిస్టమ్ కొన్నప్పుడు షాపతను ఖరీదైన సాఫ్ట్‌వేర్లన్నీ 'వేసి ఇచ్చాడు' అని మనం సంతోషంగా చెప్పుకుంటాం. చాలా క్రాక్‌లలో మొదటి సూచన ఏమిటో తెలుసా? యాంటీవైరస్ ఆపేయమని. గొళ్లెం తీసి పడుకోమన్నట్టే కదా. మా క్లాసులో ఒకరి ఇంట్లో అలా పాప పుట్టినప్పటి ఫొటోలన్నీ పోయాయి. వాళ్ల నాన్నగారు అది చెబుతుంటే నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఫలానా సాఫ్ట్‌వేర్‌లోనే పీపీటీ చేసి తేవాలని డైరీలో రాయించింది నేనే. పిల్లలకు పొద్దున అసెంబ్లీలో నిజాయితీ గురించి చెప్పి, సాయంత్రం వాళ్ల నాన్నగారిని క్రాక్ కోసం షాపుకు పంపుతున్నామన్నమాట.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. హోమ్‌వర్క్‌లో ఏం చేయాలో రాయాలి గానీ, ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చేయాలో రాయకూడదు. తోటి టీచర్లు కొందరు ఒప్పుకోవడం లేదు. దిద్దడం కష్టమంటారు. అందులోనూ కొంత నిజముంది. ఒకదాంట్లో చేసిన స్లైడ్లు ఇంకోదాంట్లో తెరిస్తే బొమ్మలు జరుగుతాయి, తెలుగు అక్షరాలైతే మరీను. దానికి నేను కనిపెట్టిన ఉపాయం, పీడీఎఫ్ కూడా జతచేయమనడమే. మండలి, రామభద్ర, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు కూడా ఓపెన్ లైసెన్స్‌లోనే ఉన్నాయి. ఫైల్‌తో పాటు ఫాంటూ ఇచ్చేయొచ్చు. ఫాంటును విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు.

"ఇంత ఫీజు కడుతున్నాం, మా వాడికి ఉచిత సాఫ్ట్‌వేరా?" అని ఒక నాన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పట్టిక గీయడం, మొత్తం కూడే ఫార్ములా రాయడం ఒకచోట వస్తే ఇంకోచోట బటన్ వెతుక్కోవడమే తేడా. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ పాఠాలు నడుపుతున్నాయి. ఆ పిల్లలేం వెనకబడిపోలేదు. లిబ్రే ఆఫీస్ వెనక ఉన్నది జర్మనీలోని ఒక లాభాపేక్ష లేని సంస్థ, విరాళాలతో నడుస్తుంది. దించుకునేటప్పుడు మాత్రం దాని సొంత సైట్ నుంచే దించుకోండి. అలాంటి పేర్లతోనే ప్రకటనలు కుక్కిన నకిలీలు కూడా దొరుకుతాయి.

ఈ టర్మ్ నుంచి నా క్లాసులో ప్రాజెక్టు ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా మార్కులు ఒక్కటే. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. ముందు వైరస్ స్కాన్ చేసి, లిబ్రే ఆఫీస్, తెలుగు ఫాంట్లు వేసి ఇస్తాం. నా టేబుల్ పక్కనే ఆ ఏడో తరగతి అబ్బాయి కూర్చుంటాడు. కాపీ చేసేది వాడే.